పద్నాలుగో ప్రశ్న

ఫిబ్రవరి 20

నాన్నా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోన్లోనే చెబుదామని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నువ్వు "ఊ" అన్నావు, నేను "సరే మరి" అన్నాను, పెట్టేశాం. ఇన్నేళ్ళూ మనిద్దరి మధ్య ఫోన్ మాట్లాడింది అమ్మే. నువ్వు పక్కనుంచి "బాగున్నానని చెప్పు" అనేవాడివి. ఇప్పుడు చెప్పే మనిషి లేదు కాబట్టి కాగితం తీశాను.

వచ్చే నెల 28న నాకు ఆపరేషన్. జబ్బేమీ లేదు. పదేళ్ళ క్రితం అమ్మ చేయించుకున్నదే, రొమ్ములకి ఇంప్లాంట్లు. అదే ఆసుపత్రి, ఈ ఊళ్ళో వాళ్ళ శాఖ. డాక్టరమ్మ మాత్రం వేరు.

నీ దగ్గర ఒక పని ఉంది. ఎంత తృప్తిగా ఉన్నారో చెప్పమని అమ్మకి వాళ్ళు ఫారాలు పంపేవాళ్ళు కదా. మొదటి ఏడాది, మూడో ఏడాది, అలా. ఐదో ఏడాది ఫారం నేను టేబుల్ మీద చూశాను. పైనుంచి కిందిదాకా "చాలా తృప్తి", "ఇబ్బంది ఎప్పుడూ లేదు". ఒక్క గడి అటూ ఇటూ లేదు. నిజం చెప్పాలంటే నాకున్న ధైర్యమంతా ఆ టిక్కులే. వాటి నకళ్ళు పంపు. డాక్టరమ్మ కూడా చూస్తానంది.

చిన్నప్పుడు నీళ్ళు వదలనని నువ్వు కప్ప అన్నావు, ఇప్పుడు ఈత నేర్పడమే ఉద్యోగమైంది; క్లాసులు బాగానే సాగుతున్నాయి. కొత్త బ్యాచ్‌లో ఒక పిల్ల నీళ్ళలోకి దిగనంటూ నా మెడ పట్టుకుని నలభై నిమిషాలు వేలాడింది. మెడ ఇంకా నొప్పి.

నువ్వు తింటున్నావా?

నీ కప్ప

-

ఫిబ్రవరి 25

తల్లీ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఫైలు మీ అమ్మ అలమరాలో ఉండాలి. ఇంతవరకు ఆ అలమరా తెరవలేదు. తెరుస్తాను.

వంటగది కుళాయికి వాషరు మార్చాను. లిఫ్టు మళ్ళీ పాడైంది. మూడంతస్తులూ నడిచే ఎక్కుతున్నాను. మంచిదే.

మొన్న ఆసుపత్రి నుంచి ఒక కవరు వచ్చింది, మీ అమ్మ పేరు మీద. పదో ఏడాది ఫారం. ఇరవై రెండు ప్రశ్నలు. మనిషి పోయి ఎనిమిది నెలలైందని వాళ్ళకి తెలియదు. మొదటి ప్రశ్న, అద్దంలో చూసుకున్నప్పుడు మీకెలా అనిపిస్తోంది. ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంటే మీద కళ్ళజోడు కేసు పెట్టాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇది ఎవరి కోరిక? ఎవరినైనా చూసుకుని ఉంటే చెప్పు. నేను కాదనను. ఆ అబ్బాయి అడిగాడని చేయించుకునేదైతే మాత్రం ఆలోచించు.

ఆ ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. మీ అమ్మ చేయించుకుంటానంది. "నీ ఇష్టం" అన్నాను. అంతే మా చర్చ.

తింటున్నాను.

నాన్న

-

మార్చి 1

నాన్నా,

"ఆ అబ్బాయి" ఎవరో నీకు దొరికితే నాకూ ఒకసారి చూపించు. పనిలో పని, మాట్లాడుకుంటాం.

ఎవరూ అడగలేదు. నాకు పద్నాలుగేళ్ళప్పటి నుంచీ కుడివైపుది ఎడమవైపుదాంట్లో సగం. అమ్మదీ అంతే, తెలుసు కదా నీకు. తెలిసినా తెలియనట్టు ఉంటావు, అది వేరే సంగతి. నా ఈత డ్రెస్సులన్నిటికీ కుడివైపు స్పాంజి ముక్క కుట్టింది అమ్మే. కిందటి నెల ఆ కుట్టు ఊడింది. క్లాసు మధ్యలో స్పాంజి తేలుకుంటూ వెళ్ళిపోయింది. ఆరేళ్ళ పిల్ల దాన్ని పట్టుకొచ్చి, పన్నెండు మంది తల్లుల ముందు, "మేడం, ఇది ఎవరిది?" అంది. గోడలు తుడిచేదమ్మా అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా గోడ తుడిచి మరీ ఇచ్చింది. నవ్వుకో, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వలేదు.

ఇప్పుడు అసలు బెంగ చెబుతాను. ఇంప్లాంట్లు ఛాతీ కండరం కింద పెడతారట. ఆరువారాలు నీళ్ళలోకి దిగకూడదు. ఏడో వారానికి వేసవి క్లాసులు మొదలవుతాయి. అప్పటికి నా చేతులు పూర్తిగా పనిచేయాలి, లేకపోతే నా బదులు ఇంకొకరిని తీసుకుంటామని మేనేజరు ముందే చెప్పేశాడు. చేతులకేమైనా అవుతుందా అని డాక్టరమ్మని అడిగాను. ఎక్కువమందికి ఏమీ ఉండదు, కొందరికి ఉంటుంది అంది. ఆ కొందరిలో నేను ఉంటానా? అమ్మ కండరమూ నా కండరమూ ఒక అచ్చులోవే. అమ్మకి ఏమీ లేదు కాబట్టి నాకూ ఉండదని నా లెక్క.

అందుకే ఆ ఫారాలు. తొందరగా పంపు. 28 దగ్గరకొస్తోంది.

ఇంకోటి, "ఆ ఆపరేషన్" ఏంటి నాన్నా? దానికి పేరుంది.

నీ కప్ప

-

మార్చి 7

తల్లీ,

ఫైలు దొరికింది. నాలుగు ఫారాలూ ఉన్నాయి.

తేదీ వాయిదా వెయ్యి. కారణం రాస్తాను, కాస్త వ్యవధి కావాలి. ముందు వాయిదా వెయ్యి.

ఈతలో చెయ్యి భుజం కన్నా పైకి నిమిషానికి ఎన్నిసార్లు వెళ్తుంది? పాఠం చెప్పేటప్పుడు ఎన్ని గంటలు? రాయి.

లిఫ్టు బాగుచేశారు.

నాన్న

-

మార్చి 11

నాన్నా,

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. నిమిషానికి ముప్పై, నలభై. రోజుకి నాలుగు గంటలు. వాయిదా వేయను.

నీ ఉత్తరాన్ని ఎన్ని రకాలుగా చదివినా ఒకటే అర్థమవుతోంది. నీకిది ఇష్టం లేదు. అమ్మది కూడా నీకు ఇష్టం లేదేమో, "నీ ఇష్టం" అంటే అర్థం అదేనేమో. లేదా, దానివల్లే అమ్మ పోయిందని మనసులో పెట్టుకున్నావు. మెదడులో రక్తనాళం చిట్లింది నాన్నా. దానికీ దీనికీ సంబంధం లేదని నీ ఎదురుగానే ఇద్దరు డాక్టర్లు చెప్పారు. నువ్వు తలూపావు.

ఫైలు దొరికిందన్నావు. పంపలేదు. ఎందుకు పంపలేదు? అందులో అమ్మ బాగుందని ఉంది కాబట్టి. అది నా చేతికొస్తే నీ మాట చెల్లదు కాబట్టి.

అమ్మ ఐదుకి ఐదు ఇచ్చింది. నువ్వెన్ని ఇస్తావని ఎవరూ అడగలేదు.

రక్తపరీక్షలు అయిపోయాయి. సెలవు పెట్టాను. పదిహేడు రోజులుంది. నాకు భయంగా ఉంది, నువ్వు దాన్ని పెంచుతున్నావు. ఏదో ఒకటి దాచిపెట్టి, దాచానని మాత్రం చెబుతావు. అది చెప్పకపోవడం కన్నా అన్యాయం.

నాన్నా అని మొదలుపెట్టాను కాబట్టి పేరు రాస్తున్నాను.

కప్ప

-

మార్చి 15

తల్లీ,

దీన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. లోపల మీ అమ్మ ఫారాలు ఉన్నాయి. నకళ్ళు కావు, అసలువి. జాగ్రత్త.

నీ ఉత్తరంలో ఒక్క మాట నిజం. దాచాను. మిగతాది కాదు.

ఆ ఫారం రెండు పొరలు. పైది వాళ్ళకి పంపాలి, కిందిది మన దగ్గర ఉంటుంది. పైన ఒత్తి రాస్తే కింద నీలంగా పడుతుంది. మీ అమ్మ ఎప్పుడూ పెన్సిల్‌తోనే నింపేది. లైబ్రరీ ఉద్యోగంలో అలవాటు. పుస్తకాల దగ్గర పెన్ను ముట్టుకోరు కదా. ఫారం మీదేమో పెన్నుతో నింపాలని ఉంటుంది. అందుకని నేను ఆ టిక్కుల మీద పెన్నుతో దిద్ది, పెన్సిల్ గీతలు రబ్బరుతో తుడిచి, పోస్టు చేసేవాణ్ణి. నాలుగుసార్లూ అలాగే చేశాం. ఆమె సంతకం పెట్టేది, తిరిగి చూసేది కాదు. నేను దిద్దానంటే సరిగ్గా ఉంటుందని నమ్మకం.

ఇప్పుడు పద్నాలుగో ప్రశ్న చూడు. "గత మూడు నెలల్లో చేతులు భుజాల కన్నా పైకి ఎత్తడంలో ఇబ్బంది ఉందా?"

ఆ పేజీలో గళ్ళ వరుస తిరగబడుతుంది. అంతకుముందు పేజీల్లో కుడి చివర మంచిది. ఆ పేజీలో కుడి చివర చెడ్డది. ఐదో ఏడాది మీ అమ్మ పద్నాలుగో ప్రశ్నకి ఎడమనుంచి రెండో గడిలో టిక్కు పెట్టింది, "అప్పుడప్పుడు". చుట్టూ అన్నీ మొదటి గడిలో ఉన్నాయి. చెయ్యి జారిందనుకున్నాను. మొదటి గడిలో దిద్దాను. ఎనిమిదో ఏడాది మూడో గడిలో పెట్టింది, "తరచుగా". వరుస తిరగబడిందని ఆమె మర్చిపోయి, అలవాటుగా కుడివైపుకి వెళ్ళిందనుకున్నాను. మళ్ళీ మొదటి గడిలో దిద్దాను, "ఎప్పుడూ లేదు".

అడగలేదు. ఆమె పక్క గదిలోనే ఉంది. రేడియో పెట్టుకుని బట్టలు మడత పెడుతోంది. పది అడుగుల దూరం. తెలిసిన సంగతి అడగడమెందుకు అనుకున్నాను. ఇబ్బంది ఉంటే నాతో చెబుతుంది కదా అనుకున్నాను.

పైకాగితం మీద రబ్బరు పనిచేసింది. కింది కాగితం మీద పెన్సిల్ ఒత్తిడి నీలంగా అలాగే ఉండిపోయింది. ఒకే వరుసలో రెండు టిక్కులు. నువ్వు టేబుల్ మీద చూసింది నేను దిద్దిన పైకాగితం. నీ ధైర్యం నా చేతిరాత.

ఇది మార్చి 4న చూశాను. చూసినప్పటి నుంచీ ఒక్కొక్కటే తెలుస్తోంది. నాలుగేళ్ళ క్రితం బాల్కనీలో బట్టలారేసే తీగ జానెడు కిందికి దించమంది. దించాను. నా తలకి తగులుతోందని విసుక్కున్నాను కూడా. లైబ్రరీలో ర్యాకుల పని వదిలి కౌంటరుకి మారింది. మనుషులతో మాట్లాడటం ఇష్టమై మారిందనుకున్నాను. పై అటకమీద డబ్బాలు కింది అరలోకి వచ్చాయి. ఇల్లు సర్దుకుంటోంది అనుకున్నాను. దేనికీ ఎందుకని అడగలేదు.

ముప్పై ఒక్క సంవత్సరాలు తూనికలు కొలతల శాఖలో చేశాను. దుకాణాల తక్కెళ్ళు పట్టుకుని, ముల్లు సరిగ్గా లేకపోతే ముద్ర వేయనన్నాను. మా ఇంట్లో ముల్లు పక్కకి జరిగితే వేలితో మధ్యకి నెట్టి ముద్ర వేశాను.

నువ్వు నీ చేతులకి ఏమీ కాదని ఆ కాగితం చూసి లెక్క వేసుకున్నావు. ఆ లెక్క తప్పు. అందుకే వాయిదా వెయ్యమన్నాను. కారణం రాయడానికి చెయ్యి రాలేదు. పదకొండు రోజులు పట్టింది.

చేయించుకోవద్దని నేను అనడం లేదు. తెలిసి చేయించుకో. ఇది చదివి డాక్టరుకి చూపించు.

మీ అమ్మ ఆపరేషన్ నాకు ఇష్టం లేక కాదు. ఏమనాలో తెలియక "నీ ఇష్టం" అన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక నెలకి, కొత్త బ్లౌజు వేసుకుని గుమ్మంలో నిలబడి "ఎలా ఉందండీ?" అంది. "బాగుంది" అన్నాను. ఒక్క మాటే. నిజంగానే బాగుంది.

నాన్న

-

మార్చి 22

తల్లీ,

రిజిస్టర్డ్ పోస్టు 18న నువ్వే తీసుకున్నట్టు రసీదు వచ్చింది. నీ సంతకమే. నాలుగు రోజులైంది. ఫోన్ ఎత్తడం లేదు. నువ్వు పనిచేసే ఈతకొలనుకి ఫోన్ చేశాను. సెలవులో ఉన్నారన్నారు. ఎక్కడికెళ్ళిందంటే తెలియదన్నారు.

తిట్టు. కానీ రాయి. 28 ఉందా లేదా అది ఒక్కటి రాసినా చాలు. అవునో కాదో.

రేపు, ఎల్లుండి ఇంట్లోనే ఉంటాను. పోస్టు మనిషి వచ్చే వేళకి కిందికి దిగి నిలబడుతున్నాను.

నాన్న

-

మార్చి 25

నాన్నా,

లేదు. 28 లేదు. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో.

ఫోన్ ఎత్తలేదు, నిజమే. ఎత్తితే ఏం అంటానో నాకే తెలియదు. నీ ఉత్తరం చదివి మొదటి రోజు ఏమీ అనిపించలేదు. రెండో రోజు తల దువ్వుకుంటూ ఆగిపోయాను. అమ్మ చివరి రెండు మూడేళ్ళు తల ఎలా దువ్వుకునేదో గుర్తుందా? మెడ పూర్తిగా కిందికి వంచి, జుట్టంతా ముందుకి వేసుకుని. సెలవుల్లో వచ్చినప్పుడు చూసి, ఇదేం ఫ్యాషనమ్మా అని వెక్కిరించాను. నవ్వేసింది. నేను కూడా అడగలేదు నాన్నా. కాబట్టి నిన్ను తిట్టడానికి కూర్చుంటే సగంలో కలం ఆగిపోతోంది.

అయినా కోపం పోలేదు. పక్క గదిలో మనిషిని ఒక్కమాట అడగడానికి ఎంతసేపు? అది నీకు నువ్వు చెప్పుకునే జవాబు, నాకు రాయకు.

నిన్న కాగితాలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చాలాసేపు చూసింది. ఇలా రెండు టిక్కులున్న కాగితం ఎప్పుడూ చూడలేదంది. వాళ్ళు ఇరవై రెండు జవాబులూ కలిపి ఒక మార్కు చేస్తారట. అమ్మకి తొంభైపైన వచ్చిందట. పద్నాలుగుకి అమ్మ పెట్టిన జవాబే వేసినా మార్కు పెద్దగా తగ్గదట. "కూడిక బాగానే ఉంటుంది, ఆ ఒక్క గడిలో ఉన్న మనిషికి మాత్రం చెయ్యెత్తి తల దువ్వుకోవడం కుదరదు" అంది. ఇలా ఇంట్లోవాళ్ళు దిద్దిన కాగితాలు ఇంకెన్ని ఉన్నాయంటే, ఎవరూ లెక్క పెట్టలేదంది. ఆవిడ మొహం కూడా బాగాలేదు.

తర్వాత చేతుల సంగతి మాట్లాడింది, ఈసారి వివరంగా. భుజాలతో బతికేవాళ్ళకి కండరం పైన పెట్టడం కూడా ఉందట. దానికి వేరే ఇబ్బందులు ఉన్నాయట, అవీ చెప్పింది. కుడివైపు ఒక్కదానికే, చిన్నది పెట్టొచ్చట. రెండూ అచ్చు సమానం కావు, స్పాంజి మాత్రం అక్కర్లేదంది. ఏదైనా జీవితాంతం ఉండదు, ఎప్పుడో మార్చాల్సి రావచ్చు. ఏ ఇబ్బందీ ఉండదని ఎవరూ రాసివ్వలేరు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు నువ్వు కూర్చో. కూర్చుని చదువు.

ఇరవై రెండో ప్రశ్న చూశావా? "మళ్ళీ మొదటికి వస్తే ఇదే నిర్ణయం తీసుకుంటారా?" ఎనిమిదో ఏడాది కాగితం. అమ్మ టిక్కు చివరి గడిలో ఉంది, "తప్పకుండా". నీ పెన్ను సరిగ్గా దాని మీదే వెళ్ళింది. భూతద్దం పెట్టి చూశాను. అక్కడ రెండో టిక్కు లేదు. అంటే అది నువ్వు మార్చింది కాదు. చెయ్యి తరచుగా నొప్పి పుడుతోందని రాసిన మనిషే, అదే పెన్సిల్‌తో, ఎనిమిది ప్రశ్నల తర్వాత ఆ మాట అంది.

నొప్పీ అమ్మదే. తప్పకుండా అన్నదీ అమ్మదే. నువ్వు ఒకటి చెరిపేశావు. ఇప్పుడు బాధలో రెండోది చెరిపేస్తున్నావు. రెండూ ఉండనీ.

సెప్టెంబరు 9కి తేదీ మార్చాను, వేసవి క్లాసులు అయ్యాక. కుడివైపుకి మాత్రమే, చిన్నది, కండరం పైన. భయం అలాగే ఉంది. ఎప్పుడైనా వద్దనుకుంటే మానేస్తాను, ఫారంలో అలాంటి గడి లేకపోయినా.

వార్డులో పక్కన ఒక మనిషి ఉండాలట, రెండు రోజులు. పేరు రాయమన్నారు. నీ పేరు రాశాను. వస్తే రెండు పనులు. ఎలా ఉందని అడగాలి. నేను చెప్పింది వినాలి.

నీ కప్ప

-

మార్చి 30

తల్లీ,

వస్తాను. సెప్టెంబరు 8 ఉదయం బస్సుకి టికెట్ తీసుకున్నాను. అయిదు నెలల ముందు ఇవ్వమని కౌంటర్లో కుర్రాడు గొడవ పెట్టాడు. సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. ఇచ్చాడు.

ఇరవై రెండో ప్రశ్న చూడలేదు. పద్నాలుగు దగ్గరే ఆగిపోయాను. నీ ఉత్తరం నిలబడి చదువుతున్నాను, ఆ మాట దగ్గర కూర్చున్నాను.  పైవాళ్ళు మోటారు ఆపక ట్యాంకు పొర్లుతుంటే లేచాను.

ఫారాలు పంపే ఆఫీసుకి రాశాను. మనిషి లేదని, ఏ తేదీన పోయిందో, ఎలా పోయిందో రాశాను. ఐదో ఏడాది, ఎనిమిదో ఏడాది పద్నాలుగో జవాబు ఆమెది కాదు, నాదని రాశాను. వాళ్ళు ఫోన్ చేశారు. చిన్న గొంతు అమ్మాయి. సారీ చెప్పింది. ఆ రెండు గళ్ళనీ "జవాబు లేదు" అని మార్చుకుంటామంది. జవాబు లేకపోవడమేమిటమ్మా, ఉంది, నా దగ్గర ఉంది అన్నాను. పై అధికారిని అడిగి మళ్ళీ చేసింది. కింది కాగితం నకలు పంపితే ఆమె రాసిందే ఎక్కిస్తారట. రెండింటి నకళ్ళు నీ దగ్గర తీయించి పంపు. అసలువి నీ దగ్గరే ఉంచుకో.

పదో ఏడాది ఫారం మాత్రం ఖాళీగా తిరిగి పంపాను. అది ఎవరూ నింపలేరు.

నీ ఉత్తరంలో నువ్వు రాయొద్దన్న సంగతి రాయను.

ఒకటి కావాలి. తక్కెడ పరీక్షించేటప్పుడు బరువు పెట్టకముందు ఖాళీ తక్కెడ చూస్తాం. ముల్లు ఎక్కడ నిలుస్తుందో రాసుకుంటాం. అది లేకపోతే తర్వాత చూసిన కొలతకి విలువ లేదు. మీ అమ్మకి ఆపరేషన్‌కి ముందు చేతులెలా ఉండేవో నాకు తెలియదు.

ఇది అందిన రోజు రెండు చేతులూ పూర్తిగా పైకెత్తి చూడు. కుడి, ఎడమ విడివిడిగా. ఎక్కడిదాకా వెళ్ళాయి, ఎక్కడ పట్టేసింది, ఆ పిల్ల వేలాడిన మెడ తగ్గిందా లేదా. పెన్సిల్‌తోనైనా రాయి, పెన్నుతోనైనా రాయి, నీ ఇష్టం. ఈసారి ఆ మాట నిజంగా అంటున్నాను. నెలకోసారి రాయి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని రాయి. నేను దిద్దను.

నాన్న